తడోబాలో కుటుంబంతో సగం రోజు జిప్సీ సఫారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తడోబా–అంధారి పులుల అభయారణ్యం హైదరాబాద్ నుంచి కారులో ఒక పగటి ప్రయాణం. పిల్లలనూ అమ్మానాన్నలనూ వెంటబెట్టుకుని వెళ్లాలనుకునే వారికి పనికొచ్చే ప్రశ్నలివి. రుసుములు, వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి వాటిని బుక్ చేసే రోజున అధికారిక సైట్‌లో చూసుకోవాలి. మిగతా సంగతులు పెద్దగా మారవు.

ప్రైవేటు సఫారీ అంటే సరిగ్గా ఏమిటి? మన కారులో వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. కోర్‌లోకి, అంటే నడి అడవిలోకి, సొంత కార్లను రానివ్వరు. అటవీశాఖ దగ్గర నమోదైన ఓపెన్ జిప్సీలోనే వెళ్లాలి. ఆ జిప్సీ మొత్తం మీ కుటుంబం పేరునే బుక్ అయితే దాన్ని ప్రైవేటు అంటున్నాం, అంతే. డ్రైవర్, గైడ్ కాక ఆరుగురు కూర్చోవచ్చు. నలుగురే ఉన్నా మిగిలిన రెండు సీట్లలో కొత్తవాళ్లను ఎక్కించరు.

ప్రైవేటు కదా అని అన్నీ మన చేతిలో ఉంటాయనుకోవద్దు. గైడ్ వరుస క్రమంలో వస్తాడు, మనం ఎంచుకోలేం. లోపల ఏ దారుల్లో తిరగాలన్నది గేటును బట్టి ఉంటుంది. మన చేతిలో ఉండేది బండి వేగం. పాలపిట్ట కనిపిస్తే పది నిమిషాలు ఆగుదామనొచ్చు, పాప ఏడుస్తుంటే వెనక్కి తిప్పమనొచ్చు. క్యాంటర్ బండిలో ఇరవై మంది మధ్య ఈ రెండూ కుదరవు. పిల్లలున్న ఇంటికి జిప్సీ ధర గిట్టుబాటయ్యేది ఇక్కడే.

ఏ గేటు తీసుకోవాలి?

బుకింగ్‌లో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తడోబా అంటే ఒకే ద్వారం కాదు. కోర్‌లోకి మొహర్లీ, ఖుట్వండా, కోలారా, నవేగావ్, పాంగ్డీ, ఝరీ గేట్లున్నాయి. మొహర్లీ చంద్రపూర్ వైపు ఉంటుంది, ఊరి నుంచి 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. కోలారా, నవేగావ్ ఉత్తరాన చిమూర్ వైపు ఉంటాయి, నాగ్‌పూర్ నుంచి వచ్చేవారికి అవి దగ్గర. పాంగ్డీ, ఝరీ కోల్సా రేంజ్ వైపు ఉంటాయి, బండ్లు తక్కువ.

మ్యాప్‌లో మొహర్లీ, కోలారా పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అడవి మధ్య నుంచి రోడ్డు ఉన్న మాట నిజమే, కానీ ఆ దారిన మన కారు వెళ్లనివ్వరు. అడవి చుట్టూ తిరిగి రావాలి. దానికి రెండు గంటలకు తక్కువ పట్టదు. మొహర్లీలో గది తీసుకుని కోలారాలో ఉదయం సఫారీ బుక్ చేసుకున్నారంటే తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని లేపాలి. ముందు గేటు స్లాట్ ఖాయం చేసుకుని, ఆ తరువాతే ఆ గేటుకు దగ్గరలో గది వెతకండి.

తెలంగాణ వైపు నుంచి వచ్చేవారికి మొదటిసారి మొహర్లీ నయం. ఊరికి దగ్గర, బస రకరకాలుగా దొరుకుతుంది, అత్యవసరమైతే చంద్రపూర్ ఆస్పత్రులు అందుబాటులో ఉంటాయి.

కోర్, బఫర్ తేడా ఏమిటి? బఫర్ అంటే రెండో రకమా?

కోర్ అంటే సుమారు 625 చదరపు కిలోమీటర్ల నడి అడవి. దాని చుట్టూ ఊళ్లు, పొలాలు, అడవి కలిసిపోయి ఉన్న భాగం బఫర్. రెండూ కలిపితే 1,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఈ రెంటికీ మధ్య కంచె లేదు, పులి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అగర్‌జరీ, దేవాడా, జునోనా, అలీజంజా, మదనాపూర్ వంటి బఫర్ గేట్లలోనూ పులులు బాగానే కనిపిస్తాయి.

బఫర్ చవక, స్లాటు సులువుగా దొరుకుతుంది, దారి పొడవు తక్కువ. మొదటిసారి అడవిని చూసే చిన్నపిల్లలకు సాయంత్రం బఫర్, మర్నాడు ఉదయం కోర్ అన్న వరుస బాగుంటుంది. పిల్లలు మొదట బఫర్‌లో జిప్సీకి అలవాటు పడతారు, అసలు ఖర్చు పెట్టిన కోర్ పూట ప్రశాంతంగా గడుస్తుంది.

ఉదయం మంచిదా, మధ్యాహ్నం మంచిదా?

ఒక్క పూటకే అవకాశం ఉంటే ఉదయం. రాత్రంతా తిరిగిన పులి అడుగుజాడలు దుమ్ములో తాజాగా ఉంటాయి, గైడ్‌కు ఎక్కడి నుంచి వెతకాలో ఆధారం దొరుకుతుంది. పిల్లలు మొదటి గంట నిద్రమత్తులో మెదలకుండా కూర్చుంటారు, ఇది కూడా తీసిపారేయాల్సిన లాభం కాదు.

ఎండాకాలంలో మాత్రం లెక్క మారుతుంది. మధ్యాహ్నం సఫారీ మొదలయ్యే వేళకు పులి వేడికి తాళలేక నీటిగుంటలో కూర్చుని ఉంటుంది. కంట్లో నీళ్లు పడకుండా వెనక్కి నడిచి దిగుతుంది, చూసి తీరాల్సిన దృశ్యం. కానీ ఆ సుఖమంతా పులికే. మనం పైన కప్పులేని బండిలో, 44 డిగ్రీల ఎండలో కూర్చోవాలి.

ఒక పూట సఫారీ దాదాపు నాలుగు గంటలు. చలికాలంలో ఉదయం గేటు ఆరింటి ప్రాంతంలో, ఎండాకాలంలో అంతకంటే ముందే తెరుస్తారు.

ఏ నెలలో వెళ్లాలి?

జులై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు కోర్ మూసి ఉంటుంది. ఆ మూడు నెలలూ కొన్ని బఫర్ గేట్లే దిక్కు. మంగళవారం కోర్‌కు సెలవు. శని, ఆదివారాలకు కలిపి సోమ, మంగళవారాలు సెలవు పెట్టి మంగళవారం సఫారీ అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అక్టోబర్, నవంబర్‌లలో అడవి పచ్చగా, గడ్డి ఏపుగా ఉంటుంది. చూడడానికి కనులపండువ, కానీ గడ్డిలో పడుకున్న పులి పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు. డిసెంబర్, జనవరిలో చలి. ఊరిలో 12 డిగ్రీలంటే మామూలుగానే ఉంటుంది, అదే తెల్లవారుజామున ఓపెన్ బండిలో గాలికి ఎదురుగా వెళ్తుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఏప్రిల్, మే, జూన్ పులి చూడడానికి అందరూ ఒప్పుకునే కాలం. ఆకులు రాలిపోయి, నీళ్లు కొన్ని గుంటలకే పరిమితమై, జంతువులన్నీ అక్కడికే చేరతాయి. అయితే చంద్రపూర్ ఎండ దేశంలోనే పేరు మోసినది, మే నెలలో 45 దాటడం అక్కడ వార్తే కాదు.

అందువల్ల కుటుంబంతో వెళ్లేవారికి ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి చివరి దాకా అనువైన సమయం. మోదుగలు పూసి ఉంటాయి, ఆకు రాలడం మొదలవుతుంది, ఎండ ఇంకా ముదరదు. పరీక్షల వల్ల ఆ నెల కుదరకపోతే డిసెంబర్ సెలవులే మేలు. వేసవి సెలవుల్లో తప్పనిసరైతే ఉదయం పూట మాత్రమే తీసుకోండి.

బుకింగ్ ఎలా చేయాలి? ఎక్కడ తప్పు జరుగుతుంది?

మహారాష్ట్ర అటవీశాఖ వారి ‘మై తడోబా’ సైట్‌లోనే. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే తడోబా పేరు పెట్టుకున్న ప్రైవేటు సైట్లు పైన కనిపిస్తాయి. వాటిలో కొన్ని కమీషన్ తీసుకుని బుక్ చేసిపెట్టేవి, కొన్ని డబ్బు తీసుకుని మాయమయ్యేవి.

చేసే వరుస ఇది. ముందు అందరి గుర్తింపు కార్డులు ఒక చోట పెట్టుకోండి. తేదీ, గేటు, పూట ఎంచుకోండి. ప్రతి ఒక్కరి పేరు కార్డులో ఉన్నట్టే రాయండి. మన పేర్లలో ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది కాబట్టి ఏ కార్డు నంబరు ఇచ్చారో ఆ కార్డులోని వరుసే రాయాలి, ఆ కార్డునే తీసుకెళ్లాలి. గేటు దగ్గర పేరూ నంబరూ సరిపోలకపోతే ఆ మనిషిని ఆపేసే హక్కు వారికుంది. జిరాక్సు పనికిరాదు, అసలు కార్డు కావాలి. పిల్లలకూ ఆధార్ పెట్టుకోండి.

బుక్ అయిన పేర్లను తరువాత మార్చడం కుదరదు. ‘బావగారు వస్తారో రారో, పేరు పెట్టి చూద్దాం’ అనుకోవచ్చు కానీ, ఆయన బదులు మరిదిని ఎక్కించలేరు. శని, ఆదివారాలు, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల స్లాట్లు నెలల ముందే అయిపోతాయి. మామూలు బుధ, గురువారాలకు తక్కువ వ్యవధిలోనూ దొరుకుతాయి.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు అక్కడి పాస్‌పోర్టు ఉంటే వారి వివరాలు పాస్‌పోర్టు ప్రకారమే ఇవ్వాలి. విదేశీయుల రుసుము వేరు. భారతీయులుగా నమోదు చేసి గేటు దగ్గర అమెరికా పాస్‌పోర్టు చూపిస్తే వాదన తప్పదు.

ఖర్చు ఎలా లెక్కపెట్టుకోవాలి?

మూడు భాగాలు: ప్రవేశ పర్మిట్, జిప్సీ అద్దె, గైడ్ రుసుము. లెక్క బండికి, తలకు కాదు. ముగ్గురు ఎక్కినా ఆరుగురు ఎక్కినా దాదాపు అంతే పడుతుంది కాబట్టి రెండు చిన్న కుటుంబాలు కలిస్తే తలసరి ఖర్చు సగమవుతుంది. వారాంతంలో, తత్కాల్‌లో పర్మిట్ ఎక్కువ. పెద్ద లెన్స్ కెమెరాకు అదనం. ఏది ఆన్‌లైన్‌లో కట్టేశారో, ఏది గేటు దగ్గర ఇవ్వాలో టికెట్ మీద చదువుకుని, మిగిలినదానికి నగదు ఉంచుకోండి. గేట్ల దగ్గర సిగ్నల్‌ను నమ్ముకుని ఫోన్ చెల్లింపుల మీద ఆధారపడొద్దు.

రిసార్టు వాళ్లు ‘ప్యాకేజీ’ అని ఒకే మొత్తం చెబితే పర్మిట్ ఎంత, జిప్సీ ఎంత, గది ఎంత అని విడదీసి అడగండి. కోర్ అని చెప్పి బఫర్ పర్మిట్ ఇచ్చే వ్యవహారం అక్కడే బయటపడుతుంది.

ఎన్నేళ్ల పిల్లల్ని తీసుకెళ్లొచ్చు?

నిబంధన సంగతి సైట్ చూసి తెలుసుకోవచ్చు. ఓపిక సంగతి వేరు. ఆరేళ్లు దాటిన పిల్లలు మాట వింటారు, నాలుగు గంటలు ఏదో ఒకటి చూస్తూ కూర్చోగలరు. మూడు నుంచి ఆరు మధ్య పిల్లలకు బఫర్ చాలు, అదీ ఒక్క పూట. మూడేళ్ల లోపు వాళ్లను మాత్రం తీసుకెళ్లకపోవడమే మంచిది. జిప్సీలో సీటు బెల్టు ఉండదు, గతుకుల దారి, దుమ్ము, పాలు పట్టడానికి ఆపే వీలుండదు. ఇంట్లో ఒకరు రిసార్టులో చంటిబిడ్డతో ఉండి, పూట మార్చి పూట వెళ్లడం తెలివైన ఏర్పాటు. దానికి రెండు పూటలకూ పేర్లు సరిగ్గా విడదీసి బుక్ చేసుకోవాలి.

పిల్లలు విసుక్కునేది పులి కనిపించనందుకు కాదు, ఏం చూడాలో తెలియనందుకు. ముందురోజు రాత్రి ఒక కాగితం మీద పన్నెండు పేర్లు రాసివ్వండి: చుక్కల దుప్పి, కణితి, అడవిదున్న, మనుబోతు, కొండముచ్చు, అడవిపంది, నెమలి, అడవికోడి, మొసలి, చెదపుట్ట, పులి గోళ్లు గీరిన చెట్టు, పాదముద్ర. ఒక్కొక్కటి కనిపించగానే టిక్కు పెట్టుకుంటారు. సఫారీ ముగిసేసరికి చాలావరకు పూర్తవుతాయి.

అమ్మకు మోకాళ్ల నొప్పి, నాన్నకు నడుం ఆపరేషన్ అయింది. ఎక్కగలరా?

మోకాళ్ల సంగతి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. మెట్టు మోకాలికంటే ఎత్తుగా ఉంటుంది. రిసార్టులోనే బండి ఎక్కేటట్టయితే ఒక స్టూలు అడగండి. బండిని అరుగు పక్కన ఆపించుకుంటే ఇంకా సులువు. ఒకసారి ఎక్కాక లోపల దిగాల్సిన పని పెద్దగా ఉండదు.

నడుం సంగతి అలా కాదు. మొహర్లీ నుంచి తడోబా చెరువు వైపు వెళ్లే ప్రధాన దారి తారురోడ్డే కానీ, పక్క దారులన్నీ మట్టివి, రాళ్లు తేలినవి. పులి కబురు తెలిస్తే డ్రైవర్లు వేగం పెంచుతారు. వెన్నుపూస ఆపరేషన్ అయినవారు, డిస్కు జారినవారు, గర్భిణులు జిప్సీ ఎక్కకూడదు. దుమ్ము వల్ల ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి, సంచిలో కాదు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి?

ముందు డ్రైవర్, గైడ్. వారి వెనక రెండు వరుసలు, ఒక్కో వరుసలో ముగ్గురు. చివరి వరుస ఎత్తుగా ఉంటుంది, బాగా కనిపిస్తుంది, కానీ వెనక ఇరుసు మీద పడుతుంది కాబట్టి ప్రతి గతుకూ అక్కడే తగులుతుంది. పెద్దవాళ్లకు మొదటి వరుస, మధ్య సీటు. చిన్నపిల్లల్ని ఇద్దరు పెద్దల మధ్య కూర్చోబెట్టాలి, అంచున కాదు. వెదురు కొమ్మలు దారిలోకి వంగి ఉంటాయి, అంచున కూర్చున్నవారి ముఖానికి కొట్టుకుంటాయి. చివరి వరుస కుర్రాళ్లకు వదిలేయండి.

సగం దూరంలో సీట్లు మార్చుకుందాం అనే ఒప్పందం ఇంటి దగ్గరే చేసుకోవద్దు. బండి ఆగి ఉన్నా లేచి అటూ ఇటూ దాటడం కుదరదు.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు నూలు బట్టలు. తెలుపు, మెరిసే బట్టలు వద్దు. పులికీ దుప్పికీ ఎరుపు, ఆకుపచ్చల తేడా మనకు తెలిసినంతగా తెలియదు. అసలు పులి నారింజ రంగు దుప్పి కంటికి ఆకుల రంగులో కలిసిపోతుంది కాబట్టే ఆ రంగుతో దాని వేట సాగుతోంది. వాటికి తెలిసేది వెలుగు తేడా, కదలిక. తెల్ల చొక్కా వేసుకుని చెయ్యి ఊపితే దూరం నుంచే పట్టేస్తాయి. సెంటు, మల్లెపూలు కూడా ఆ పూటకు మానేయండి.

చలికాలం ఉదయానికి ఒకదాని మీద ఒకటి మూడు పొరలు, చెవులు మూసే టోపీ, మనిషికో శాలువా. ఎనిమిదిన్నరకు ఎండెక్కాక ఒక్కో పొర తీసేస్తూ రావచ్చు. ఎండాకాలంలో తడి తువ్వాలు, గడ్డం కింద కట్టుకునే టోపీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. టోపీ ఎగిరిపోతే దిగి తెచ్చుకోవడం ఉండదు. ఏ కాలమైనా దుమ్ముకు ముక్కూ నోరూ కప్పే గుడ్డ, ఇంట్లో రెండు బైనాక్యులర్లుంటే రెండూ. పిల్లలు ఒకదానికోసం కొట్టుకోవడం మొదలుపెడితే ఆ గోలకు నెమలి కూడా మిగలదు.

ఫోన్ తీసుకెళ్లొచ్చా?

తడోబాలో 2018 డిసెంబర్ నుంచి సఫారీలో మొబైల్ ఫోన్లు నిషేధం. గేటు దగ్గర అప్పజెప్పాలి, లేదా గదిలోనే వదిలి రావాలి. కారణం సెల్ఫీల గోల ఒక్కటే కాదు. ఫలానా మలుపులో పులి ఉందని ఒక డ్రైవర్ ఇంకొకరికి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో పదిహేను బండ్లు చేరి దారి మూసేస్తాయి. కెమెరాలకు అనుమతి ఉంది. ఇంట్లో పాత డిజిటల్ కెమెరా ఉంటే ఛార్జింగ్ పెట్టి పిల్లలకివ్వండి. ఫ్లాష్ ఆపేసి ఇవ్వడం మరిచిపోవద్దు.

ఆన్‌లైన్ టికెట్‌ను కాగితం మీద ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చూపిద్దామనుకుని, ఆ ఫోన్ గదిలో వదిలేసి వచ్చేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

తిండి, నీళ్లు, టాయిలెట్?

గేటు దగ్గర టాయిలెట్ ఉంటుంది. బండి ఎక్కేముందు, అక్కర లేదన్న పిల్లలతో సహా అందరూ వెళ్లి రావాలి. లోపల దిగడానికి అనుమతి ఉన్న చోట్లు తక్కువ. అవసరం వస్తుందని తెలిస్తే గైడ్‌కు ముందే చెప్పండి, ఆ చోటు మీదుగా దారి పెట్టుకుంటాడు. చెట్టు చాటున అనే మాటే లేదు, జరిమానా పడేది గైడ్‌కు, డ్రైవర్‌కు.

తెల్లవారుజామున కడుపునిండా తిని గతుకుల్లో కూర్చుంటే వాంతులు ఖాయం. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. కదిలే బండిలో వాంతులయ్యే పిల్లలకు డాక్టరు చెప్పిన మాత్ర అరగంట ముందే వేయాలి. స్టీలు సీసాల్లో మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలంలో రెండు. పులిహోర, చికెన్ లాంటి వాసన వచ్చే తిండి వద్దు, ప్లాస్టిక్ సంచులు అసలే వద్దు. దారిలో కోతులకు ఏదీ వేయకూడదు.

ఓపెన్ బండిలో పులి ముందు కూర్చోవడం ప్రమాదం కాదా?

తడోబా పులులు పుట్టినప్పటి నుంచి జిప్సీలను చూస్తున్నాయి. వాటి కళ్లకు బండి, అందులోని మనుషులు కలిపి ఒకే పెద్ద ఆకారం. ఆ ఆకారం నుంచి ఎవరైనా లేచి నిలబడితే, చెయ్యి బయట పెడితే, కిందికి దిగితే అప్పుడు లెక్క మారుతుంది. ‘కూర్చోండి’ అని గైడ్ మళ్లీ మళ్లీ చెప్పేది అందుకే.

పిల్లలున్న ఆడపులి, పిల్లతో ఉన్న ఎలుగుబంటి దగ్గర దూరం పాటించాలి. డ్రైవర్ వెనక్కి తీస్తుంటే ‘ఇంకొంచెం దగ్గరికి’ అని డబ్బు చూపించకండి. నిజంగా జరిగే దెబ్బలు వేరే రకం: ఇనుప రాడ్డుకు గడ్డం కొట్టుకోవడం, కంట్లో కొమ్మ గీరుకోవడం, ఎండదెబ్బ. బండి కదులుతున్నంతసేపూ ఒక చెయ్యి రాడ్డు మీద ఉండాలి.

పులి కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

ఇచ్చేవాడిని నమ్మొద్దు. దేశంలో పులి కనిపించే అవకాశం ఎక్కువున్న అడవుల్లో తడోబా ఒకటి, ఆ మాట వరకు నిజం. ఒక్క పూటలో కనిపించకపోవడమూ మామూలే.

గైడ్ ఎలా వెతుకుతాడో తెలిస్తే ఆ నాలుగు గంటలూ వృథా అనిపించవు. మొదట నేల చూస్తాడు. పాదముద్ర దాదాపు చదరంగా ఉంటే మగపులి, కాస్త కోలగా ఉంటే ఆడపులి. టైరు గుర్తు మీద పాదముద్ర పడి ఉంటే చివరి బండి వెళ్లాక పులి నడిచిందన్నమాట. పాదముద్ర మీద టైరు పడి ఉంటే ఆ కబురు పాతది. తరువాత బండి ఆపించి చెవి పెడతాడు. కొండముచ్చు చెట్టు మీద నుంచి దగ్గినట్టు అరుస్తుంది. దుప్పి కూత సన్నగా, పదునుగా ఉంటుంది, కానీ దుప్పి పిరికిది, చిరుతకూ అరుస్తుంది, రేచుకుక్కలకూ అరుస్తుంది, ఊరికేనూ అరుస్తుంది. కణితి తొందరపడి అరవదు. అది ఒకే చోట కాళ్లు తాటించి, బొంగురు గొంతుతో ఆగకుండా కూత వేస్తోందంటే పులిని కళ్లారా చూస్తోందనే లెక్క.

ఆ సమయంలో ఇంజన్ ఆపి పది, పదిహేను నిమిషాలు కదలకుండా ఉండాలి. ఏ దిక్కు నుంచి కూత ఏ దిక్కుకు జరుగుతోందో గైడ్ లెక్కగట్టి, పులి దారి దాటే చోటికి ముందే బండి చేరుస్తాడు. చిప్స్ ప్యాకెట్ చప్పుడు, ‘ఇంకెంతసేపు’ అన్న ప్రశ్న ఆ లెక్కను చెడగొట్టేది ఇక్కడే. పిల్లలకు ఈ కూతల సంగతి ముందే చెప్పి, ముందు ఎవరు వింటారో చూద్దామని పందెం పెడితే వాళ్లే అందరినీ ‘ష్’ అంటారు.

ఒక మాట గైడ్‌తో మొదటే అనేయండి: ‘పులి కోసం పరుగెత్తొద్దు, నెమ్మదిగా అన్నీ చూపించండి’ అని. ఆ మాట అనకపోతే, పులి చూపించకపోతే మీరు చిన్నబుచ్చుకుంటారని అతను ఒక నీటిగుంట నుంచి ఇంకోదానికి బండి దౌడు తీయిస్తాడు. నిదానంగా వెళ్లిన బండికే ఎలుగుబంటీ, రేచుకుక్కల గుంపూ తగులుతుంటాయి.

పులి కాక ఇంకేముంది?

తడోబా చెరువులో మొసళ్లున్నాయి, ఎండ కాచుకుంటూ గట్టున పడుకుంటాయి. గట్టు మీద ‘తారు’ అనే గోండుల దేవుడి గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఊరి పెద్ద అతనని కథ, తడోబా అన్న పేరు అతనిదే. ప్రధాన దారి పక్కన ఎత్తైన పాత రాతిస్తంభాలు వరుసగా కనిపిస్తాయి. గోండు రాజుల కాలంలో వాటి మీదుగా తాడు కట్టి, గంట మోగించి చంద్రపూర్‌కు కబురు పంపేవారని అంటారు.

చెట్లలో టేకు, వెదురు, ఇప్ప, తునికి, నల్లమద్ది మనకు తెలిసినవే. ఆకులు రాలాక తెల్లగా మెరిసే తపసి చెట్టును గైడ్లు దెయ్యం చెట్టు అని చూపిస్తారు, వెన్నెల్లో ఎలా ఉంటుందో ఊహించుకోమంటారు. పిల్లలకు పులి తరువాత బాగా గుర్తుండేది అదే.

గైడ్‌తో ఏ భాషలో మాట్లాడాలి? టిప్ ఎంత?

మరాఠీ, హిందీ. చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి బజారులో మన మాట వినిపిస్తుంది, డ్రైవర్లలోనూ కొందరికి నాలుగు ముక్కలు వస్తాయి. గైడ్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. టిప్ తప్పనిసరి కాదు. ఇవ్వదలిస్తే గైడ్‌కూ డ్రైవర్‌కూ విడివిడిగా ఇవ్వండి, పులి కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి కాక, ఎంత ఓపికగా చూపించాడన్నదాన్ని బట్టి.

ఒక్క పూట సరిపోతుందా?

ఇంత దూరం వచ్చాక రెండు పూటలు పెట్టుకోండి, మూడోది పిల్లలకు ఎక్కువ. రోజంతా సఫారీ అనే టికెట్ కూడా ఉంది కానీ అది ఫొటోలు తీసేవారి కోసం, కుటుంబాలకు కాదు. ఒకే రోజు ఉదయం, సాయంత్రం కాకుండా ఈ రోజు సాయంత్రం, రేపు ఉదయం అని పెట్టుకుంటే మధ్యలో నిద్ర పడుతుంది.

హైదరాబాద్ నుంచి ఎలా చేరాలి?

కారులో రెండు దారులు. మొదటిది 44వ జాతీయ రహదారి మీద నిర్మల్, ఆదిలాబాద్ వరకు వెళ్లి అక్కడి నుంచి కోర్పణా, రాజురా మీదుగా. రెండోది కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా. దేనికైనా దాదాపు 400 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. రాజురా, బల్లార్షా ప్రాంతంలో బొగ్గు లారీలు ఎక్కువ, అక్కడ సమయం కలిపి లెక్కపెట్టుకోండి.

రైలంటే బల్లార్షా జంక్షన్. సికింద్రాబాద్, విజయవాడల నుంచి కాజీపేట మీదుగా ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలా అక్కడ ఆగుతాయి. స్టేషన్ నుంచి మొహర్లీకి టాక్సీలో గంటకు పైనే. టాక్సీ ముందే మాట్లాడుకోండి, రాత్రి దిగితే దొరకడం కష్టం. చేరిన రోజే సాయంత్రం సఫారీ పెట్టుకుంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా గదిలో ఉండేలా చూసుకోండి. గేటు దగ్గర అరగంట, ముప్పావుగంట ముందే ఉండాలి. ఆలస్యమైతే బండి ఆగదు, డబ్బు రాదు.

తెలంగాణలో ఇలాంటి సఫారీ లేదా?

అమ్రాబాద్‌లో శ్రీశైలం దారిలో ఫరహాబాద్ వద్ద, కవ్వాల్‌లో జన్నారం వద్ద అటవీశాఖ సఫారీలున్నాయి. నల్లమల దట్టమైన కొండ అడవి, పులులున్నా కంటపడడం అరుదు. అడవి కోసం వెళ్తే అవి బాగుంటాయి, పులి కోసమే అయితే తడోబా. తడోబాలో చోటు చాలక పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల దాకా వస్తుంటాయి కూడా.

సాయంత్రం సఫారీ అవగానే కారులో బయల్దేరి ఇంటికి వచ్చేయొచ్చా?

వద్దు. చీకటి పడ్డాక మొహర్లీ–చంద్రపూర్ రోడ్డు మీదికి అడవిదున్నలు, పందులు, దుప్పులు వస్తాయి. అడవిదున్న నల్లగా ఉంటుంది, హెడ్‌లైటులో కళ్లు మెరిసేదాకా తెలియదు. నాలుగు గంటల గతుకుల తరువాత డ్రైవర్ చెయ్యి కూడా మొద్దుబారి ఉంటుంది. రాత్రి అక్కడే ఉండి ఉదయం తొమ్మిదింటికి బయల్దేరండి. ఉదయం సఫారీతో ముగిస్తే స్నానం, భోజనం చేసి మధ్యాహ్నం పన్నెండుకు కదిలితే రాత్రి ఎనిమిది, తొమ్మిదికి హైదరాబాద్. బల్లార్షాలో రైలెక్కేవారు సఫారీ ముగిసే వేళకూ రైలు వేళకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా టికెట్ తీసుకోండి.